ఏడో దెబ్బ

నిన్న సాయంత్రం మీ ఇంట్లో టీవీ నడుస్తున్నంతసేపూ అందులో ఎంతమంది ఆడవాళ్లు చెంపదెబ్బ తిన్నారో మీరు చెప్పగలరా? చెప్పలేరు. అన్నం కలుపుకుంటూనో, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనో, ఫోనులో మనవరాలితో మాట్లాడుతూనో ఆ చప్పుడు విని ఉంటారు, ఒక్కసారి తలెత్తి చూసి మళ్లీ మీ పనిలో పడి ఉంటారు. నేనూ అలాగే ఉండేదాన్ని. పోయిన నెలలో ఒక మధ్యాహ్నం కరీంనగర్‌లో చెవుల డాక్టరు గది ముందు టోకెన్ పట్టుకుని కూర్చునేదాకా అలాగే ఉన్నాను.

జీవితమంతా చెవులతో సంపాదించిన అన్నం తిన్నదాన్ని, అరవై దాటాక ఆ చెవులే మొరాయిస్తుంటే చూపించుకుందామని వెళ్లాను. నా వయసువాళ్లకు అలాంటి గది ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు, సగంమందికి వినపడదు కాబట్టి గోడమీది టీవీ సౌండు గట్టిగా పెట్టి ఉంటుంది. ఏదో సీరియలు. కొడుకు కోడలిని కొట్టాడు. మన సీరియళ్లలో ఒకే దెబ్బను మూడుసార్లు చూపిస్తారు, ఒకసారి చేతి వైపు నుంచి, ఒకసారి చెంప వైపు నుంచి, ఒకసారి అత్తగారి ముఖంలోంచి. ఆ మూడుసార్లూ అదే చప్పుడు. నా పక్కన కూర్చున్న పెద్దామె బోసినోటితో నవ్వుతూ నా మోచేతిని పొడిచి, "ఇంకోటి పడాలె దానికి, గప్పుడు గని బుద్ధి రాదు" అంది. నేను నవ్వలేదు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. ఎందుకంటే దెబ్బ పడ్డ వెంటనే, చప్పుడు తోకలో, ఒక చిన్న "టిక్" వినిపించింది. గాజు చిట్లిన చప్పుడు. తెరమీది అమ్మాయి చేతులకు బంగారు పూత గాజులున్నాయి తప్ప ఒక్క మట్టిగాజు లేదు.

నా నంబరు రెండుసార్లు పిలిచారట. నాకు వినపడలేదు. చెవుల వల్ల కాదు.

ఆ గాజు ఎవరిదో నాకు తెలుసు. ఆకుపచ్చది. అది చిట్లి ముప్పై ఏళ్లు దాటింది.

ఇక్కడ కొంచెం వెనక్కి పోవాలి. మాది నస్పూర్. బాపు బొగ్గుబావిలో పనిచేసేవాడు, షిఫ్టు దిగి వచ్చి ఎంత రుద్దుకున్నా చెవుల మడతల్లో నలుపు పోయేది కాదు. ఆ నల్లని చెవులతోనే ఆదివారాలు యూనియన్ హాల్లో జరిగే చర్చలకు నన్ను తీసుకుపోయేవాడు. దేవుడున్నాడా లేడా, పోయిన జన్మ ఉన్నదా, ఆడది పౌరోహిత్యం ఎందుకు చేయకూడదు, ఇలాంటివి. చేతుల్లోంచి విభూది రాల్చే ఒక బాబా మా కాలనీకి వస్తే, గంజిలో తడిపి ఎండబెట్టిన బూడిద ఉండను వేళ్ల సందున దాచి నలపడం బాపు నాకు నేర్పి, పదేళ్లదాన్ని బల్లమీద నిలబెట్టి ఆయన ముందే నాతో విభూది రాల్పించాడు. బాబా ఆ సాయంత్రమే బస్సెక్కాడు. మా అవ్వకు, అంటే అమ్మకు, ఇవన్నీ చికాకు. "తండ్రీబిడ్డలు కలిసి దేవుడు లేడని తేల్చిండ్రు గని, పొయ్యిల కట్టెలు లెవ్వని ఎవలు తేలుస్తరు?" అనేది. ఏ మాట విన్నా మూడు ప్రశ్నలు వేసుకోవాలని బాపు నియమం. నువ్వు చూసినవా? నువ్వు ఇన్నవా? ఎవలన్న చెప్పిండ్రా? మూడోదైతే నమ్మకు, మొదటి రెండైతే ఎవడికీ భయపడకు అనేవాడు. ఆ నియమం మీద నాకెంత గర్వం ఉండేదంటే, అదే నియమంతో ఒక మనిషి గొంతు కోయవచ్చని నాకు తట్టనే లేదు.

రేడియో, టీవీ రిపేరు పని నేర్చుకుని కరీంనగర్‌లో ఒక బట్టల దుకాణం పైన ఉన్న చిన్న స్టూడియోలో సౌండు పనికి చేరాను. లోకల్ కేబుల్‌లో వేయడానికి, క్యాసెట్లుగా అమ్మడానికి టెలీఫిల్ములు, సీరియళ్లు తీసేవాళ్లు. యూనిట్లో నేనొక్కదాన్నే ఆడదాన్ని. నటించేవాళ్లను అక్కడ యూనిట్ కింద లెక్కవేసేవాళ్లు కాదు, వాళ్లు సామాను కింద లెక్క. మొదటిరోజే కెమెరామన్ నన్ను పక్కకు పిలిచి, నెలసరి రోజుల్లో కెమెరా దరిదాపులకు రావద్దని చెప్పాడు. నేను ఆ రోజులు చూసుకుని మరీ కెమెరా ముట్టాను, మర్నాడు అందరి ముందూ "నిన్న ముట్టిన గద అన్నా, బొమ్మ మంచిగనే వచ్చిందా?" అని అడిగాను. ఆయన ముఖం మాడిపోయింది. వెంటనే పసుపునీళ్లు తెప్పించి కెమెరా మీద చల్లాడు. ఆ నీళ్లు లోపలికి దిగి కెమెరా మూడురోజులు పనిచేయలేదు. అప్పుడు బాపు ఉండి ఉంటే ఎంత నవ్వేవాడో అనుకున్నాను. ఇంత సులువైన గెలుపులు మనిషిని చెడగొడతాయి. నేను ధైర్యవంతురాలినని నమ్మడం మొదలుపెట్టాను.

మగవాళ్ల ఫైటింగు ఎలా తీసేవాళ్లో చెప్పాలి. ఒక ఫైట్ మాస్టరు ఉండేవాడు, పరుపులు, అట్టపెట్టెలు ఉండేవి, పొద్దున్నుంచి రిహార్సల్. చెయ్యి గడ్డానికి జానెడు దూరంలో ఆగేది, కెమెరా వెనకనుంచి చూసేది, తగిలినవాడు తల తిప్పేవాడు, చప్పుడు తర్వాత నేను వేసేదాన్ని. తడిపిన పాత చెప్పు అడుగును మడతపెట్టిన గోనెసంచి మీద కొడితే పిడికిలి దెబ్బ, నా అరచేతిని నా తొడమీద కొడితే చెంపదెబ్బ. అన్ని సినిమాల్లో అన్ని రక్తపాతాల తర్వాతా మగవాళ్లు బట్టలు దులుపుకుని చాయ్ తాగేవాళ్లు. ఆడవాళ్లకు మాత్రం రిహార్సల్ లేదు. ఆమెకు ముందుగా చెప్పేవాళ్లు కూడా కాదు. చెబితే ఏడుపు దొంగేడుపు అవుతుందని మా డైరెక్టరు సారు సిద్ధాంతం. దెబ్బ నిజంగా పడాలి, నీళ్లు నిజంగా రావాలి, అదే నటన అనేవాడు. నేను సౌండు మనిషిని. ఒక్క మాట ఆలోచించండి. చప్పుడు తర్వాత వేస్తున్నాం, చెయ్యి తగిలినట్టు చూపించే విద్య మగవాళ్ల విషయంలో మా అందరికీ వచ్చు. మరి ఆడదాని చెంప మీద చెయ్యి నిజంగా పడాల్సిన అవసరం సినిమాకు ఎక్కడ ఉంది? సినిమాకు లేదు. కొట్టేవాళ్లకు ఉంది.

ఈ ప్రశ్న అప్పుడు నా నోటిదాకా వచ్చేది. అక్కడే ఆగేది.

మా సినిమాల్లో వదిన, భార్య, విధవ వేషాలు వేసే ఒక అక్క ఉండేది. సిరిసిల్లలో మగ్గాల ఇంటి మనిషి, పెళ్లైన రెండేళ్లకే భర్త పోతే, మరమగ్గం మీద కూలికి నేస్తూ, ఊళ్లలో నాటకాలకు పోతూ మా దగ్గరికి చేరింది. చదువు లేదు. కాని ఆమె చెవులు చూసి నేను ఈర్ష్యపడేదాన్ని. ఇరవై మగ్గాలు ఒక్కసారి మోగుతున్న షెడ్డులో తన మగ్గం మీద పోగు తెగితే చప్పుడు మారడాన్ని బట్టి పట్టేసేదట. మా దగ్గర నటులకు రాసిన కాగితం ఇచ్చేవాళ్లు కాదు. కెమెరా పక్కన నిలబడి ఒకతను మాటలు అందిస్తాడు, అది చెవిన పడగానే ముఖంలో భావం పెట్టి పలకాలి, ప్రాంప్టింగ్ అంటారు. చదువుకున్నవాళ్లే తడబడేవాళ్లు, అక్క మాత్రం అతను వాక్యం ముగించేలోపే అందుకునేది. "వానిది అయిపోకముందే నేను ఏడుస్తున్న, ఇంకేం కావాలె సారుకు" అని నవ్వేది. నన్ను చెల్లె అనేది. సద్దిలో తెచ్చిన జొన్నరొట్టె సగం తుంచి పెట్టేది, రొట్టె తింటూ నా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పిట్టల చప్పుడు వినడం ఆమెకు ఇష్టం. ఆమె బతుకుదెరువు ఆమె చెవుల్లో ఉంది. ఈ ఒక్క సంగతి మీరు గుర్తుపెట్టుకుంటే చాలు.

ఆ రోజు సుల్తానాబాద్‌లో షూటింగు. మా నిర్మాతకు అక్కడ రైసుమిల్లు ఉండేది, అందరూ సేటు అనేవాళ్లు, మిల్లు వెనక ఆయన ఇంటి వరండాలోనే చిత్రీకరణ. భర్త భార్యను అనుమానించి కొట్టే సీను. చాయ్ తాగేటప్పుడు భర్త వేషం కట్టినాయన నా దగ్గరికి వచ్చి, చాయ్ ఊదుకుంటూ, ఊరికే అడిగినట్టు అడిగాడు.

"పిల్లా, నువ్వు ఏసే దెబ్బ గంత మంచిగ ఎట్ల మోగుతదే? మేం కొడితె సప్పగ ఇనబడుతది."

నా విద్యను ఒకరు మెచ్చుకోవడం అరుదు. పొంగిపోయాను. చీర కుచ్చిళ్లు సర్దుకుని, తొడమీద చెయ్యి చాపి, "చెయ్యి సాపుగ పెట్టొద్దన్నా, గిట్ల బోలుగ పెట్టాలె, దోసిలి లెక్క. లోపల గాలి ఉంటది గద, గదే మోగుతది" అని చూపించాను. ఠాప్పుమని మోగింది. చుట్టూ ఉన్నవాళ్లు తలలు తిప్పి చూశారు. ఆయన తన అరచేతిని బోలుగా వంచి చూసుకున్నాడు. "వారెవ్వా" అన్నాడు.

ఆ అరచేతిని నేను ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను.

సీను మొదలైంది. నేను మైకు కర్ర పట్టుకుని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అక్క తలకు మూరెడు పైన మైకు నిలిపాను. మొదటి దెబ్బకు ఆమె ఉలిక్కిపడి నిజంగానే ఏడ్చింది. మబ్బు అడ్డం వచ్చిందని రెండోది తీశారు. ఆయన చొక్కా గుండీ ఊడిందని మూడోది. నాలుగోదానికి ఆమె చెంప మీద నాలుగు వేళ్లు తేలాయి, అవి మేకప్‌లో బాగా కనిపిస్తున్నాయి, తుడవొద్దు అన్నాడు సారు. ఐదోది అయ్యాక ఆమె గొంతు తగ్గించి, ఎదుటి మనిషికి మాత్రమే వినబడేలా, "అన్నా, జర మెల్లగ. పన్ను కదులుతుంది" అంది. ఎదుటి మనిషికీ, నాకూ. నా చెవులు మైకులో ఉన్నాయి కదా. ఆయన చొక్కా చెయ్యి పైకి మడుచుకున్నాడు. ఆరోదానికి ఆమె పడిపోయింది, పడితే ఫ్రేము పోతుందని సారు తిట్టాడు. "ఏందమ్మా, సంసారం చేసిన మనిషివేనా? గీ మాత్రం దెబ్బ ఇంట్ల తినలేదా?" అన్నాడు. యూనిట్ మొత్తం నవ్వింది. నవ్వు మైకులో పెద్దగా వినిపిస్తుందని నేను సౌండు తగ్గించాను. నేను చేసిన పని అదొక్కటే.

ఏడోసారి ఆయన చెయ్యి లేచినప్పుడు అరచెయ్యి బోలుగా ఉండటం చూశాను. నోరు తెరిచాను. అప్పటికే చెయ్యి చెంప మీద కాదు, ఎడమ చెవి మీద పడింది. లోపలి గాలి మొత్తం ఆ చెవిలోకి దూరింది. నా హెడ్‌ఫోన్స్‌లో ఆ చప్పుడు బొగ్గుబావిలో మందు పేలినట్టు పేలింది. ఆమె రెండు చేతులూ చెవికి అడ్డం పెట్టుకోబోయి తలుపు రెక్కకు కొట్టుకుంది, వేషానికి తొడిగిన ఆకుపచ్చ గాజు చిట్లింది, మణికట్టు తెగింది. ఆమె అరవలేదు. నోరు తెరిచి ఊపిరి పీల్చుకుంది, అంతే, ఆ పీల్చుకోవడం కూడా నాకు వినిపించింది. చెవిలోంచి రక్తం సన్నగా దవడ మీదికి దిగింది. కెమెరామన్ ఆపబోతే సారు, "ఆపకు, కట్ చెప్పలే! కట్ చెప్పలే! గదీ ఏడుపంటె!" అని కేకలు పెట్టాడు. కెమెరా తిరుగుతూనే ఉంది. అయిపోయాక చప్పట్లు కొట్టారు.

ఇక నేను చెప్పబోయేది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ క్షణంలో నా మనసులో మొదట వచ్చిన మాట "అయ్యో" కాదు. "ఎంత మంచిగ వచ్చింది" అనుకున్నాను.

తర్వాత ఏం జరిగిందంటే, ఎవరో వెల్లుల్లి కాచిన నూనె గోరువెచ్చగా ఆ చెవిలో పోశారు. సారు నిమ్మకాయ తెప్పించి ఆమె చుట్టూ తిప్పి దిష్టి తీయించాడు. నేను ముందుకు వెళ్లి దిష్టి అన్నది లేదని, నిమ్మకాయతో ఏమీ కాదని, ఇది మూఢనమ్మకమని గట్టిగా వాదించాను. నిమ్మకాయ మీద వాదించాను, దెబ్బ మీద వాదించలేదు. నిమ్మకాయను ఖండిస్తే ఎవరి ఉద్యోగం పోదు.

ఆ చెవికి చీము పట్టింది. నెలరోజుల తర్వాత అక్క మళ్లీ షూటింగుకు వచ్చినప్పుడు, ప్రాంప్టింగ్ చెప్పే అతను ఎడమవైపు నిలబడితే ఆమెకు సగం మాటలే అందాయి. ప్రతి మాటకూ కుడి చెవి అటు తిప్పేది. తెరమీద చూస్తే ఎవరో పిలిచినట్టు తల తిప్పుతున్నట్టుండేది. రెండురోజులు చూసి, "చెవిటిదానితోటి నేను పరేషాన్ అయితున్న" అని సారు ఆమెను తీసేసి వేరే అమ్మాయిని పెట్టాడు. ఈ లైన్లో మాట పాకడానికి పూట పట్టదు. ఎవరూ ఆమెను పిలవలేదు.

అక్క ఊరుకోలేదు. నాటకాలప్పటి ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని సేటు మిల్లుకు వచ్చింది. నన్నూ పిలిపించారు. ఆమె అడిగింది పరిహారం కాదు, నాకు ఆమె మాటలు అక్షరం పోకుండా గుర్తున్నాయి.

"నా చెవు ఎట్లాగు పోయింది, ఇగ రాదు. ఇగ నుంచి ఏ ఆడమనిషినీ చెప్పకుంట కొట్టొద్దు. మొగోల్లకు చేసినట్టె మాకూ చేసి చూపియ్యాలె. గదొక్కటి కాయితం మీద రాసియ్యిండ్రి."

సేటు పుల్లతో పళ్లు కుట్టుకుంటూ విన్నాడు. భర్త వేషం కట్టినాయన, చెయ్యి తగలనే లేదని, ఆమెకు చిన్నప్పటినుంచే చెవిపోటు ఉన్నదని అన్నాడు. వీడియో టేపు చూద్దామంటే, సీను ఎడిట్ అయిపోయాక అదే టేపు మీద వేరే షూటింగు చేసేశారని, దెబ్బ పడ్డ ముక్క చెరిగిపోయిందని సారు చెప్పాడు. అప్పుడు పెద్దమనుషుల్లో ఒకాయన నా వైపు తిరిగి, "బిడ్డా, నువ్వు ఆడిదానివి, దగ్గరుంటివి. నిజం చెప్పు, చెవు మీద కొట్టిండా?" అని అడిగాడు.

ఆ దెబ్బ చప్పుడు నా దగ్గర ఉంది. ఇంత మంచి చప్పుడు మళ్లీ రాదని, షూటింగు అయిన మర్నాడే ఆ ముక్కను వేరే క్యాసెట్టులోకి కాపీ చేసి, అట్టమీద నా చేత్తో "దెబ్బ - 7" అని రాసుకున్నాను. అందులో చెయ్యి పడటం, గాజు చిట్లడం, వెనక ఆమె ఊపిరి, సారు కేక అన్నీ ఉన్నాయి. జేబులోంచి తీసినంత సులువుగా తీసి వినిపించవచ్చు. కాని అంతకు వారం ముందే నా పైన ఉండే సౌండు రికార్డిస్టు హైదరాబాద్ వెళ్లిపోతే ఆ కుర్చీ నాకిస్తానని సేటు మాట ఇచ్చాడు. ఈ చుట్టుపక్కల జిల్లాల్లో మొదటి ఆడ రికార్డిస్టువు నువ్వే అన్నాడు. నేను బాపు బిడ్డను, అబద్ధం చెప్పను. అందుకని నిజమే చెప్పాను.

"నేను చప్పుడు ఇన్న. మైకు దిక్కు చూస్తున్న, చెయ్యి ఏడ పడ్డదో చూడలే" అన్నాను.

సగం నిజం అంత శుభ్రంగా పలికినవాళ్లను నేను తర్వాత ఎక్కడా చూడలేదు. పెద్దమనుషులు లేచారు. అక్క గుమ్మం దాకా పోయి, కుడి చెవి నా వైపు ఉండేలా తిరిగి, ఎంతో మెల్లగా, "నీ చెవులల్ల ఉన్నది నా దెబ్బ, చెల్లె. నువ్వు చూడకున్నా గది ఆడ్నే ఉంటది" అంది. మరమగ్గాల చప్పుడు దగ్గరికే వెళ్లిపోయింది.

నాకు కుర్చీ దొరికింది. నా పేరుతో బోర్డు కూడా పెట్టారు. ఆడవాళ్ల సమానత్వం మీద సభల్లో నన్ను పిలిచి శాలువాలు కప్పారు, నేను మాట్లాడాను, చప్పట్లు కొట్టించుకున్నాను. స్టూడియో మూతపడినప్పుడు అందులోని చప్పుళ్ల క్యాసెట్లన్నీ, వానవి, బండివి, దెబ్బలవి, వాటితోపాటు నా 'దెబ్బ - 7' కూడా ఎవరో కొనుక్కుపోయారు. ఆ క్యాసెట్టులోంచి చెయ్యి పడిన ముక్కను, గాజు టిక్కుతో సహా, ఎవరో కత్తిరించి కంప్యూటర్లలోకి ఎక్కించి ఉంటారు. అది చేయి మారి, చేయి మారి, ఇప్పుడు ఏ సీరియల్లో ఏ కొడుకు చెయ్యెత్తినా, మోగేది అక్క చెవి.

డాక్టరు దగ్గరనుంచి వచ్చిన మర్నాడే సిరిసిల్ల బస్సెక్కాను. ఎలా కనుక్కోవాలో తెలియలేదు, మగ్గాల వాడలో నాటకాలు ఆడిన అక్క అంటే మూడో మనిషే చూపించాడు. ముసలిదైపోయింది. అరుగుమీద కూర్చుని బీడీలు చుడుతోంది, లోపల చిన్న టీవీ నడుస్తోంది, ఎడమ చెవి టీవీ వైపు పెట్టుకుని కుడి చెవి వీధి వైపు ఉంచి కూర్చుంది. నన్ను చూసి అరుగుమీద చోటు జరిపింది. "నెత్తి తెల్లగయిందే" అంది. చాయ్ పెట్టింది. నేను మొత్తం చెప్పాను, బోలు అరచెయ్యి చూపించింది నేనేనని, క్యాసెట్టు దాచింది నేనేనని, నిన్న టీవీలో విన్నానని.

అక్క బీడీ ఆకు మడవడం ఆపలేదు.

"నాకెరుకనే" అంది. "పదిహేనేండ్ల నుంచి ఎరుక. నా గాజు చప్పుడు నాకెరుక లేదా? మొదాలు ఇన్ననాడు అన్నం దిగలే. ఇగ అటెన్క ఈ చెవు గిట్ల తిప్పుకొని కూసుంటున్న. దినాం కొడుతుండ్రు నన్ను. ఒక్కోనాడు మూడుమూడు సార్లు."

మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను. తప్పు నాదై ఉండి ఆ ప్రశ్న నేను అడిగాను, చూడండి. ఆమె నవ్వింది. "ఎవలకు చెప్పాలె? చూసినోడు లేడు. ఇన్నదాన్వి నువ్వొక్కదానివి."

తర్వాత, బీడీల చాట పక్కకు జరిపి, కుడి చెవి నా వైపు తిప్పి, ముప్పై ఏళ్ల కిందట ఆ పెద్దమనిషి అడిగిన ప్రశ్ననే అడిగింది. "ఇప్పుడన్న చెప్తవా?"

చెప్తున్నాను. నేను చూశాను. నేను విన్నాను. అరచెయ్యి బోలుగా ఉంది, చెవి మీద పడింది, అది ఎలా కొట్టాలో నేర్పింది నేను. ఇదే మాట కాగితం మీద రాసి, నా సంతకం కింద అక్క అక్షరాలు కూడబలుక్కుంటూ తన పేరు రాశాక, ఆ సీరియలు వేసే ఛానలుకు, కళాకారుల సంఘానికి పంపాము. ఆ చప్పుడు తీసేయాలని, ఆడవాళ్లను కొట్టే సీనుకు మగవాళ్ల ఫైటింగుకు ఉన్న నియమాలే ఉండాలని అడిగాము. ఈ రాత రాసేనాటికి జవాబు రాలేదు.

మంచి ఏమీ జరగలేదని నేననను. ఇప్పుడు మా దగ్గరి షూటింగుల్లో ఆడపిల్లలు కెమెరా భుజాన వేసుకుని తిరుగుతున్నారు, ఏ రోజుల్లో ముట్టారని అడిగేవాడు లేడు, ఫిర్యాదు చేసుకోవచ్చని గోడకు కాగితం అంటిస్తున్నారు. అవి చూస్తే నాకు కడుపు నిండుతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న ఒక ఇరవై ఏళ్ల అమ్మాయిని చూసినప్పుడల్లా మాత్రం, రొట్టె తింటూ పిట్టల చప్పుడు విని మురిసిపోయిన అక్క గుర్తొస్తుంది. కెమెరా వెనక ఒక ఆడదానికి కుర్చీ వేసి, కెమెరా ముందు ఇంకో ఆడదాన్ని కొట్టడం సమానత్వం కాదని ఆ అమ్మాయికి చెప్పాలనిపిస్తుంది. ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని కాబట్టి నాకు తెలుసు.

ఈసారి మీ ఇంట్లో టీవీలో చెయ్యి పడగానే అన్నం కలపడం ఆపండి. సౌండు పెంచండి. దెబ్బ తర్వాత గాజు చిట్లిన చప్పుడు వినిపిస్తే, ఆ సీరియలు పేరు, ఆ రోజు, ఆ వేళ ఒక కాగితం మీద రాసి, ఈ దెబ్బ ఎవరికి తగిలిందో చెప్పమని ఆ ఛానలుకు పంపండి. నాలాగా మైకు పట్టుకున్నవాళ్లు, లైటు పట్టుకున్నవాళ్లు, ముఖానికి రంగు వేసినవాళ్లు మీలో ఎవరున్నా, మీరు చూసింది, విన్నది ఈ వారంలోనే రాసి సంతకం పెట్టండి. ఆమె వచ్చి అడిగేదాకా ఆగకండి.